రెండు ప్రాణముల బండి

మోటారుబండిని గుఱించి స్త్రీల పత్రికలో వ్రాయుట యెందులకని కొందఱు సోదరీమణులు తలపవచ్చును. ఇంటికి వచ్చిన యే వస్తువునకైనను వెల యిచ్చువా రొకరును, దాని మంచిచెడ్డలు కనిపెట్టువారు మఱియొకరును అగుట మన కందఱకును అనుభవమే. అందులోను నే నిచ్చట వర్ణింపబోవు బండి, ప్రతిరాత్రియు నొకరు జ్ఞాపకముంచుకొని చేయవలసిన పని చేయనిచో, తన విలువలో సగము కోల్పోవునది. అట్టి పని యే యింటనైనను ఎవరి వంతునకు వచ్చునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

దీనిని "ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ" యందురు. పేరు నోరు తిరుగనిదైనను అర్థము సులభమే. హైబ్రిడ్ అను మాట ప్రత్తివిత్తనములు, మిరపవిత్తనములు కొను మన రైతుల యిండ్లలో ఆబాలగోపాలము నెఱిగినదే. రెండు జాతుల కలయికచే బుట్టినది హైబ్రిడ్. ఈ బండిలో పెట్రోలుతో నడచు ఇంజను ఒకటియు, విద్యుత్తుతో దిరుగు మోటారు ఒకటియు గలవు. ఆ విద్యుత్తును ఇంటి గోడలోని సాకెట్టునుండియే తీగతో బండి కెక్కింపవచ్చును గావున ప్లగ్-ఇన్ అనిరి. ఎస్‌యూవీ యనగా ఎత్తైన చక్రములుగల పెద్ద బండి. ఇక విలాసమను విశేషణమునకు అర్థము దాని వెల విన్నప్పుడు తెలియగలదు.

మా యక్క అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ అను నూర నుండును. విద్యుద్దీపముతో బేరొందిన థామస్ ఎడిసన్‌గారి కర్మశాల యుండిన మెన్లో పార్కు ఆ యూరిలోనిదే. ఆయన స్మరణార్థము 1954లో ఊరికి ఆ పేరు పెట్టుకొనిరి. ఆ మహనీయుడు విద్యుత్తు బండ్లకొఱకు ఇనుము, నికెలు లోహములతో బ్యాటరీని నిర్మించుటకు ఏండ్ల తరబడి శ్రమపడినాడని తెలిసినవారు కొందఱే. నే నక్కడకు 2024వ సంవత్సరాంతమున వెళ్లి చలికాలమంతయు నుంటిని. మా యక్కయొక్క అత్తగారికి మూత్రపిండములు చెడి, వారమునకు మూడు దినములు రక్తశుద్ధి చేయింపవలసి వచ్చినది. మనవారు డయాలిసిస్ అందురు. ఆ చికిత్సాలయము ఇంటికి తొమ్మిది మైళ్లు. ఉదయము ఆఱుగంటలకు చేరవలెను. మా బావగారు ఉద్యోగరీత్యా సగము దినములు పరాయి రాష్ట్రములలో నుందురు. కావున ఆ వృద్ధురాలిని తీసికొనిపోవుటయు, నాలుగు గంటల పిమ్మట తీసికొనివచ్చుటయు మా యక్క పనియే యయ్యెను. దినము తప్పిన ప్రాణాపాయము. 2023లో వారీ బండి కొనుటకు మూలకారణ మిదియే గాని వేడుక గాదు.

అప్పుడు ఇంటిలో రెండు పక్షములు బయలుదేరినవట. పెట్రోలుబండియే మేలని బావగారు; పూర్తిగా విద్యుత్తుతో నడచు బండి కావలెనని చదువుకొను కుమారుడు. "అర్ధరాత్రి కరెంటు పోయిన నాయనమ్మను వీపున మోసికొనిపోదువా?" అని తండ్రియు, "రోజునకు ఇరువది మైళ్లు తిరుగుటకు అంత పొగ యెందుకు?" అని కొడుకును. మా యక్క యిద్దఱి మాటయు విని, రెండును గల బండిని కోరినది. మొదట వెళ్లిన యొక యంగడిలో అమ్మకందారుడు మాట లన్నియు బావగారి మొగము చూచియే చెప్పుచుండెనట. గుఱ్ఱపుబలమెంత, వేగమెంత అను ప్రసంగ మయిన పిదప మా యక్క, "తోలవలసినదానను నేను. తీగ యెంత పొడవు? ఎన్నిగంటలలో నిండును? మోకాళ్లనొప్పుల ముసలామె యెక్కగలదా?" అని యడుగగా అతనికి ఒక్కదానికిని సమాధానము తోచలేదట. ఆ యంగడి విడిచి మఱియొక చోటికి పోయిరి. అచ్చట చూచినది స్వీడన్ దేశపు వోల్వోవారి ఎక్స్‌సీ90. దానినే కొనిరి.

ఈ కంపెనీ 1927లో స్వీడన్‌లోని గొటెన్‌బర్గు నగరమున బండ్ల నిర్మాణ మారంభించినది. 2010నుండి చైనాదేశపు గీలీవారి యాజమాన్యమున నున్నది. మనము కారులో భుజముమీదుగను నడుముమీదుగను కట్టుకొను మూడుకొనల పట్టీని 1959లో బండ్లలో బెట్టినది వీరి యింజనీరు నిల్స్ బోలిన్‌గారు. ఆ హక్కును తమకే దాచుకొనక సర్వ కంపెనీలవారికిని విడిచిపెట్టిరి. ఆ యొక్క పనికై ఈ కంపెనీవారికి నమస్కరింపవచ్చును. ఇచ్చట నొక్క మాట: గర్భిణులు పట్టీ పొట్టకు ఒత్తుకొనునని దానిని మానివేయుట చూచితిని. మానరాదు. క్రిందిపట్టీని పొట్టక్రిందుగా, తుంటియెముకల కానించి, పైపట్టీని రొమ్ములనడుమగా పోనిచ్చి కట్టుకొనవలెను.

బండి లోపలి యేర్పాటు చిత్రమైనది. ముందు చక్రములను పెట్రోలు ఇంజను త్రిప్పును. వెనుక చక్రములను విద్యుత్తు మోటారు త్రిప్పును. రెంటికిని నడుమ ఇనుపకడ్డీ యేదియు లేదు. సామాన్యముగ నాలుగు చక్రములును లాగు బండ్లలో ఆ కడ్డీ పోవు సొరంగమునందే వీరు బ్యాటరీని పొందుపఱచినారు. ఇంజనును మోటారును గలిసి పనిచేసినప్పుడు 455 గుఱ్ఱముల బలమట. లోకమునకంతకు వెలుగిచ్చు సూర్యభగవానునకు ఏడు గుఱ్ఱములతో సరిపోవుచుండగా, డయాలిసిస్‌కు పోవుటకు ఇన్ని యేల యని నేనంటిని. "అమ్మినవాని నడుగు" మని మా యక్క నవ్వినది.

బ్యాటరీలో పట్టునది 18.8 యూనిట్లు, అందు వాడుకకు వచ్చునది 14.9 యూనిట్లు. మిగిలినది బ్యాటరీ ఆయువు తఱుగకుండ అట్లే నిలిపి యుంతురు. నిండిన బ్యాటరీతో 35 మైళ్లకు అటునిటుగా, అనగా మన లెక్కకు 56 కిలోమీటర్లు, పెట్రోలుచుక్క ఖర్చులేక పోవును. అటుపైని ఇంజను తనంతట తానే అందుకొనును. బ్యాటరీ యింక మిగిలియున్నను ఆకస్మికముగ మిక్కిలి వేగము గోరి కాలు బలముగ నొక్కినచో ఇంజను సహాయమునకు వచ్చును. కావలెనన్న, ఊరిలో వాడుకొనుటకై విద్యుత్తును దాచియుంచి పెద్దరహదారిపై పెట్రోలుతోనే పొమ్మని ఆజ్ఞాపింపవచ్చును. విద్యుత్తుతోనే పొమ్మని ఆజ్ఞాపింపవచ్చును.

నన్ను ముగ్ధురాలిని జేసినది వేఱొక విశేషము. నా చిన్నతనమున మా నాన్నగారి సైకిలునకు డైనమో యుండెడిది. చక్రము నంటియుండి తాను తిరుగుచు దీపమును వెలిగించెడిది. దానిని చక్రమున కానింపగనే త్రొక్కుట బరువై, సైకిలు వెనుకకు పట్టినట్లగుట ఎఱుగుదును. ఈ బండియందును అదే రహస్యము. పల్లమునకు దిగునప్పుడును, కాలు తీసి వేగము తగ్గించునప్పుడును, చక్రములే మోటారును త్రిప్పును. అప్పుడు మోటారు డైనమోయై విద్యుత్తును పుట్టించి బ్యాటరీలోనికి పంపును. ఆ పట్టుదలచేతనే బండి నెమ్మదించును. మామూలు బండ్లలో బ్రేకునొద్ద వేడియై గాలిలో గలిసిపోవు శక్తి ఇచ్చట కొంతయైనను తిరిగి యింటికి జేరును. అన్నము వార్చిన గంజిని పాఱబోయక వాడుకొను పొదుపరి యిల్లాలు నాకు జ్ఞప్తికి వచ్చినది.

తోలునప్పుడు ఎట్లుండును? మొదటి దినమున నేను ప్రక్క పీఠమున గూర్చుంటిని. మా యక్క బొత్తామును త్రిప్పినది. గాజుతో జేసిన గేరుపిడిని వెనుకకు లాగినది. ఆ పిడి స్వీడన్ దేశమున ప్రసిద్ధమైన ఒరెఫోర్స్ గాజుశాలవారిది. చప్పుడు లేదు. వెనుకనున్న అత్తగారు, "అమ్మాయీ, బండి బాగుచేయించవలెనేమో, కదలుట లేదు" అనునప్పటికి వీథి మలుపు దాటియుంటిమి. ఇప్పటికిని వారమున కొకసారియైనను ఆమె ఆ మాట యనుచునే యుండును; తెలిసి యనునో, తెలియక యనునో చెప్పలేను. చికిత్సానంతరము తలతిరుగుడుతో, వాంతి వచ్చునట్లుండు రోగికి ఇంజను అదరు లేకుండుటయు, పెట్రోలు వాసన లేకుండుటయు ఎంత యుపశమనమో పెక్కుమారులు కన్నులార చూచితిని. ధనముతో లెక్కింపరాని లాభములలో నిదియే మొదటిదని నా యభిప్రాయము.

ఎత్తు విషయము మాత్రము జాగ్రత్తగా నాలోచింపవలసినది. ఎత్తైన పీఠముపై గూర్చుండి తోలునామెకు దారి చక్కగా గనబడును. కాని మోకాళ్లు వంగని వృద్ధులకు అదియే కష్టము. ఈ బండికి స్ప్రింగులకు మాఱు గాలితిత్తులు గల యేర్పాటు కలదు. నిలిపినప్పుడు కొంత క్రిందికి దిగును. ఏనుగు మావటీనికొఱకు మోకరిల్లినట్లుండునని మా యక్క యనును. అదియును చాలక ఒక చిన్న కొయ్యపీట నెల్లప్పుడు వెనుక పెట్టియుంచినది. ఇంత వెలగల బండికి ఆ పీటయే ముఖ్యాంగ మయ్యెను.

ఇక రాత్రిపని. పాలు తోడువేయుట మఱచిన యింట తెల్లవాఱి పెరుగుండదు. పడుకొనబోవుటకు ముందు మా యక్క వంటిల్లు సర్ది, తోడు వేసి, బండిశాలలోనికి బోయి తీగ తగిలించి వచ్చును. అమెరికాలో సామాన్యపు సాకెట్టు 120 వోల్టులది గావున దానితో నిండుటకు రాత్రియంతయు చాలదు. బట్టలారబెట్టు యంత్రమునకు వాడు 240 వోల్టుల సాకెట్టువంటిది వేయించుకొన్నచో ఐదుగంటలలో నిండును. వారట్లే వేయించుకొనిరి. పెద్ద రహదారులపై నుండు వేగపు ఛార్జి స్తంభములు ఈ బండికి పనికిరావు. అవి ముఖ్యముగ పూర్తి విద్యుత్తు బండ్లకొఱకు.

ఈ తీగ తగిలించుట యొక చిన్నపనియే యైనను బండి పుణ్యపాపములన్నియు దానిమీదనే యాధారపడియున్నవి. ఐరోపాలో 2021లో రిజిస్టరైన ఇట్టి బండ్లు నిజముగ నెంత ఇంధనము త్రాగినవో బండ్లలోని పరికరములనుండియే సేకరించి, అక్కడి యూరోపియన్ కమిషన్‌వారు 2024లో ప్రకటించిరి. పరీక్షాశాలలో చూపిన దానికంటె రోడ్డుమీద వదలిన బొగ్గుపులుసు వాయువు మూడున్నర రెట్లుండెను! కారణము కొంత పరీక్షలోని లోపము. ఎక్కువభాగము, జనులు అనుకొన్నన్ని సార్లు తీగ తగిలింపకపోవుటయే. ఉద్యోగులకు కంపెనీవారు బండియు నిచ్చి, పెట్రోలుఖర్చును తామే యిచ్చినప్పుడు తీగ ముట్టువారెవరు? ఛార్జి చేయని యీ బండి, 2,300 కిలోల దేహమును, వాడని బ్యాటరీని మోసికొని తిరుగు సామాన్యపు పెట్రోలుబండియే.

2025 జనవరిలో నొక రాత్రి మంచుగాలి వీచి ఆ వీథికంతకు కరెంటు పోయినది. అంతకుముందు దినము దేవాలయమునకు బోయివచ్చుటచే బ్యాటరీ యడుగంటియున్నది. ఎడిసన్‌నుండి బ్రిడ్జ్‌వాటర్‌లోని వేంకటేశ్వరస్వామి కోవెలకు పదునాఱు పదునెనిమిది మైళ్లు. ఎండకాలమున పోవుటయు వచ్చుటయు విద్యుత్తుతోనే సరిపోవును గాని, చలిలో బ్యాటరీ మందగించుటచేతను, లోపల వెచ్చజేయుటకు కొంత ఖర్చగుటచేతను ఆ నెలలో మాకు ఇరువదినాలుగు మైళ్లకంటె రాలేదు. తెల్లవాఱి నాలుగుగంటలకు మా యక్క లేచి చూడగా తీగ తగిలించినది తగిలించినట్లే యున్నది, ఛార్జి లేదు. బండిశాల తలుపును చేతితో నెత్తి, పెట్రోలుతో బయలుదేరితిమి. ముసలామెకు దుప్పటి కప్పి, పీఠము వెచ్చజేసి, మంచులో మెల్లగ ఐదు ముక్కాలుకు జేరితిమి. ఆ దినమున వంతునకు రావలసిన వారిలో కొందఱు రాలేకపోయిరని అక్కడి నర్సు చెప్పినది. పూర్తి విద్యుత్తు బండియైన పోలేకపోవునని నే ననను; వాని బ్యాటరీలు పెద్దవి, రెండుమూడు దినముల నిలువ యుండును. కాని ఆ తెల్లవాఱుజామున మా యక్క మొగములో గన్న నిబ్బరము రెండు ప్రాణములు గల బండివలన గలిగినదే.

ఇప్పుడు లెక్క. వెల 70 వేల డాలర్లకు పైబడి. మన ద్రవ్యములో అఱువది లక్షలు. బడిపంతులుగారి భార్యకు ఆ యంకె వ్రాయుటకే చేయి వణకుచున్నది. అదే కంపెనీవారి అదే ఆకారముగల వట్టి పెట్రోలుబండికంటె పదివేల డాలర్లకు పైగా నెక్కువ. బ్యాటరీ నింపుటకు గోడనుండి 17 యూనిట్లు లాగుననుకొందము, యూనిట్టునకు 20 సెంట్లు పెట్టుదము. మూడు డాలర్ల నలువది సెంట్లు. దానితో 35 మైళ్లు. అదే దూరము పెట్రోలుతో నడచిన, గాలనునకు 27 మైళ్ల లెక్కను, గాలను మూడు డాలర్లయినచో, నాలుగు డాలర్లకు పదిసెంట్లు తక్కువ. మిగులు అర డాలరు! ఏడాదిలో మున్నూఱు దినములు తిరిగినను నూటయేబది డాలర్లు. అదనముగ నిచ్చిన పదివేలు తిరిగివచ్చుటకు అఱువదియేండ్లు దాటును. ప్రభుత్వమువారు 7,500 డాలర్లవఱకు పన్నులో తగ్గింపు నిచ్చుచుండిరి గాని, స్వదేశములో గూర్చిన బండ్లకే యను నిబంధనచే స్వీడన్‌నుండి వచ్చిన యీ బండిని కొన్నవారి కది దక్కలేదు; ఆ తగ్గింపు 2025 సెప్టెంబరు 30తో అందఱకును ముగిసినది. కావున పొదుపుకొఱకు కొంటిమను మాట నమ్మదగినది కాదు. మా యక్కయు ఆ మాట యనదు.

అదే లెక్క హైదరాబాదులో వేసిచూడుడు. యూనిట్టు పది రూపాయలనుకొన్నను 170 రూపాయలు. 56 కిలోమీటర్లకు పెట్రోలు ఐదులీటర్లకు దగ్గఱ. ఐదువందల రూపాయలు దాటును. మిగులు రోజునకు మున్నూఱు రూపాయల పైమాట. విద్యుత్తు చవుకయై పెట్రోలు ప్రియమైన మన దేశమునందే ఇట్టి బండివలన వాడుకలో లాభమెక్కువ. అయినను మన దేశమున నివి మిక్కిలి యరుదు. ఈ ఎక్స్‌సీ90లోనే టీ8 ఎక్సలెన్స్ అను రకమును 2016లో వోల్వోవారు మన దేశమునకు తెచ్చిరి. వెల కోటి పాతిక లక్షలు. 2025 సెప్టెంబరు 22న మాఱిన జీఎస్టీ పద్ధతిలో పూర్తి విద్యుత్తు బండికి నూటికి 5 పన్నుండగా, ఇట్టి పెద్ద హైబ్రిడ్ బండికి పెట్రోలుబండితో సమానముగ నూటికి 40. సగము విద్యుత్తున్నను పన్నులో సగపాలు తగ్గింపు లేదు. మన యిండ్లలో సాకెట్లన్నియు 230 వోల్టులవే గావున, గీజరునకు వాడు 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన తీగ, మంచి ఎర్తు ఉన్నచో ఛార్జికి ఇబ్బంది యుండదు. అపార్టుమెంటులలో క్రిందనున్న బండికి నాల్గవ యంతస్తునుండి తీగ వ్రేలాడదీయుట మాత్రము మహాపాయము.

కారు తోలుట పురుషుల విద్య యనువారికి రెండుమాటలు చెప్పుట యవసరము. పెట్రోలుబండితో లోకములో మొట్టమొదట దూరప్రయాణము చేసినది స్త్రీయే. జర్మనీదేశమున కార్ల్ బెంజ్‌గారు బండిని నిర్మించి, ఎవరును కొనక దిగులుపడుచుండగా, ఆయన భార్య బెర్తా బెంజ్ 1888 ఆగస్టులో భర్తతో చెప్పక, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైమ్ నగరమునుండి నూఱు కిలోమీటర్లకు పైగా దూరముననున్న ఫోర్ట్స్‌హైమ్‌కు బయలుదేరినది. అది ఆమె పుట్టిల్లు! దారిలో ఇంధనపుగొట్టము పూడుకొనగా టోపీకి గుచ్చుకొను పిన్నుతో పొడిచి బాగుచేసినది. తీగ యొఱసికొనుచుండగా మేజోడుకట్టు చుట్టినది. ఇంధన మయిపోగా వీస్లోక్ గ్రామమున మందులదుకాణమున గొన్నది. బ్రేకుకొయ్య అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించినది. మన వంటింటి యుక్తికిని ఆ యింజనీరింగునకును భేదమేమున్నది? కైకేయి యుద్ధరంగమున దశరథుని ప్రాణము గాచినది. ఆ కథ చదివిన మనకు బెర్తా చరిత్ర వింతగా దోపదు.

ఆ పిమ్మట కొంతకాలము విద్యుత్తు బండి స్త్రీల బండి యనిపించుకొన్నది. పెట్రోలుబండికి ముందుభాగమున నినుపకడ్డీ పెట్టి బలముకొలది త్రిప్పిన గాని ప్రాణము రాదు; ఒక్కొక్కప్పుడు అది వెనుకకు తన్ని చేయి విఱిగెడిది. విద్యుత్తు బండికి ఆ బాధ లేదు. లక్షలకొలది పెట్రోలుబండ్లు చేసి యమ్మిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారాగారే 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్తు బండిని తోలుకొనెడివారు. భర్త వ్యాపార మొకటి, భార్య సౌకర్య మొకటి! 1912లో చార్ల్స్ కెట్టరింగ్‌గారి యుక్తిచే కాడిలాక్ బండ్లలో చిన్న విద్యుత్తు మోటారుతోనే ఇంజనును కదలించు నేర్పాటు వచ్చినది. దానితో కడ్డీ బాధ తీరి, క్రమముగ విద్యుత్తు బండి మూలబడెను. రెంటిని గలుపుట యను తలంపు నంతకంటె ముందుదే. 1900లో ఫెర్డినాండ్ పోర్షేగారు "సెంపర్ వివస్" అను నట్టి బండిని నిర్మించిరి. లాటిను భాషలో ఆ పేరునకు నిత్యజీవి యని యర్థము. నూఱేండ్లు నిద్రించిన పిదప 1997లో జపానువారి టొయోటా ప్రియస్‌తో హైబ్రిడ్ బండ్లు మరల లేచినవి. గోడకు తగిలించునవి 2008లో చైనాలో బీవైడీ, 2010లో అమెరికాలో షెవ్రొలే, 2013లో పెద్దబండి రూపమున జపానులో మిత్సుబిషివారు తెచ్చిరి.

అపాయములు చెప్పక విడువరాదు. మొదటిది, ఇంటి కంటుకొనియుండు బండిశాలలో బండిని నిలిపి, చప్పుడు లేదు గావున ఆగినదని తలచి లోపలికి బోవుట. ఆపకుండ విడిచినచో బ్యాటరీ తఱిగిన పిమ్మట పెట్రోలు ఇంజను తానే లేవవచ్చును. మూసిన గదిలో దానినుండి వచ్చు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువునకు రంగులేదు, వాసనలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుతుపానుచే కరెంటు పోయినప్పుడు చలికాగుటకై మూసిన శాలలో కార్లు నడిపి ప్రాణములు గోల్పోయినవారు కలరు. మా యక్క బండి దిగిన పిదప తెర యారినదాకా అచ్చటనే నిలుచుండును. ఇంటిలో ఆ వాయువును గనిపెట్టి కూయు పరికరమును రెండుచోట్ల పెట్టించినది. రెండవది, చప్పుడు లేని బండి చూపులేనివారికిని, పిల్లలకును మృత్యువువంటిది. అందుచే నెమ్మదిగ పోవునప్పుడు కృత్రిమముగ నొక ధ్వని చేయవలెనని అమెరికాలోను ఐరోపాలోను చట్టము చేసిరి. మూడవది, ఎంత పేరుగల కంపెనీయైనను సాఫ్ట్‌వేరు దోషమునకు అతీతము గాదు. 2025లో వోల్వోవారు అమెరికాలో పదునొకండువేలకు పైగా బండ్లకు పిలుపునిచ్చిరి. వానిలోని ప్లగ్-ఇన్ బండ్లు, ముందు చెప్పిన డైనమోపట్టు బలముగా నుండు "బీ" యను పద్ధతిలో, బ్రేకు త్రొక్కక నూఱు సెకండ్లకు మించి పల్లమునకు దిగినచో బ్రేకు పనిచేయకపోవచ్చునని తేలినది. సాఫ్ట్‌వేరు మార్చి సరిచేసిరి. ఇట్టి పిలుపు వచ్చినప్పుడు ఉత్తరమును వార్తాపత్రికల క్రింద పడవేయక ఆ దినముననే చదువవలెను.

వాడినబండి కొనదలచినవారు బ్యాటరీ హామీ యెన్నాళ్లు మిగిలినదో మొదట నడుగవలసియుండును. ఈ బండి బ్యాటరీకి అమెరికాలో ఎనిమిదేండ్లు గాని లక్షమైళ్లు గాని, ఏది ముందైన నది, హామీ. మా యక్క 2023లో కొన్నది గావున 2031తో గడువు దీరును. బండియప్పు 2028లోనే తీరును. అత్తగారికి ఇప్పటికిని వారమునకు మూడుదినములు చికిత్స జరుగుచున్నది. కొయ్యపీటకు మాత్రము ఒక కాలు వదులై, మొన్ననే మేకులు కొట్టించినదట.